ఒంటికి పడే బట్ట: గద్వాల చీర తిరగేస్తే కనిపించే చరిత్ర

ఇవాళ గద్వాల చీర గురించి మాట్లాడుకుందాం. ఆగండి, స్క్రోల్ చేయకండి, ఇది పెళ్లి షాపింగ్ వీడియో కాదు. గద్వాల చీర మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. అన్నిటిలోనూ చీరను పైవైపు నుంచే చూపిస్తారు. అంచు ఎంత పెద్దది, జరీ ఎంత మెరుస్తోంది, కొంగు మీద హంసలున్నాయా లేవా. నేను మాత్రం చీరను తిరగేసి చూపిస్తా. ఒంటికి తగిలే వైపు. అసలు కథ అక్కడుంది.

మన ఇళ్లల్లో ఒక మాట ఉంది: "ఈ బట్ట నా ఒంటికి పడదు." అన్నం పడదు, నీళ్లు పడవు అన్నట్టే బట్ట కూడా పడదు అంటాం. చాలామందికి అది చిన్న చిరాకు, అంతే. కానీ కొందరికి అది చిరాకు కాదు. మెడ వెనక లేబుల్ గీసుకుంటే రోజంతా అదే ధ్యాస. సాక్సు ముందర ఉండే కుట్టు వేలికి తగిలితే అడుగు ముందుకు పడదు. కొత్త బట్ట వాసనకే తల తిరుగుతుంది. పెద్దవాళ్లయితే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటారు. చిన్నపిల్లలకు ఏమవుతోందో చెప్పడం రాదు. ఏడుస్తారు, చొక్కా పీకి పడేస్తారు. అప్పుడు మనం వాళ్లకు పెట్టే పేరు ఒకటే: మొండి.

దీన్ని ఇప్పుడు సెన్సరీ సెన్సిటివిటీ అంటున్నారు. ఆటిజం ఉన్నవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది, కానీ వాళ్లకు మాత్రమే వచ్చేది కాదు. 1943లో లియో కానర్ ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలోనే, ఆ పిల్లలు పెద్ద చప్పుళ్లకు బెదిరిపోతున్నారని గమనించాడు. తర్వాత అమెరికాలో జీన్ ఎయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1960లు, 70ల్లో స్పర్శ గురించి, దాన్ని మెదడు ఎట్లా సర్దుకుంటుందో దాని గురించి చాలా పని చేసింది. అయినా డాక్టర్లు వాడే డీఎస్ఎం పుస్తకంలో ఆటిజం లక్షణాల జాబితాలోకి ఈ విషయం స్పష్టంగా చేరింది 2013లో. అంటే 70 ఏళ్లు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. చట్టం వచ్చింది, మంచిదే. కానీ ఆ పిల్లాడికి పొద్దున ఏ చొక్కా తొడగాలో ఏ చట్టమూ చెప్పదు కదా.

ఇక గద్వాలకు వద్దాం.

కృష్ణకూ తుంగభద్రకూ మధ్యలో ఉన్న నేల ఇది. నడిగడ్డ అంటారు. సోమనాద్రి అని మనం పిలుచుకునే పెద సోమభూపాలుడు ఇక్కడ కోట కట్టించాడు. తర్వాత నిజాం కింద ఇదొక సంస్థానం. కృష్ణ దాటి ఇటు వస్తే వనపర్తి సంస్థానం, అమరచింత సంస్థానం, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు సంస్థానం. 2016 అక్టోబరు 11 దాకా ఇదంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా, మన పాలమూరు. ఆ రోజు నుంచి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి. మగ్గాలకు మాత్రం ఆ గీతలు తెలియవు. గద్వాల, అయిజ, రాజోలి, గట్టు ఒకవైపు, అమరచింత, కొత్తకోట ఇంకోవైపు, అన్నీ నేత ఊళ్లే. నాగర్‌కర్నూల్ వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు.

సంస్థానం అంటే దర్బారు, పూజలు, పండుగలు. వాటికి పట్టు కావాలి, జరీ కావాలి. మరి ఇక్కడి ఎండ? మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వస్తే 40 డిగ్రీలు దాటుతుంది. ఆరు గజాల పట్టు, దాని మీద జరీ, ఆ వేడిలో పొద్దంతా కట్టుకుని కూర్చోవాలంటే ఎంత కష్టమో ఊహించండి. గద్వాల నేతగాళ్లు దీనికి చూపించిన దారి చాలా సింపుల్‌గా కనిపిస్తుంది: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. చర్మానికి నూలు తగలాలి, కళ్లకు పట్టు కనబడాలి. జరీ పనిలో ఆరితేరాలని సంస్థానం వాళ్లు ఇక్కడి నేతగాళ్లను బెనారస్ పంపించారని గద్వాలలో ఇప్పటికీ చెప్తారు. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలంలో ఈ చీరలకు మంచి ఆదరణ ఉండేదని కూడా చెప్తారు.

సింపుల్‌గా కనిపిస్తుంది అన్నాను కదా, కాదు. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను. రెండు వేరే వేరే సిస్టమ్స్‌ని కలిపితే బగ్ ఎప్పుడూ కలిపిన చోటే వస్తుంది. బట్ట కూడా అంతే. నూలు సాగే తీరు వేరు, పట్టు సాగే తీరు వేరు. తడిస్తే ముడుచుకునేది ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. మామూలుగా ఆలోచిస్తే ఏం చేస్తాం? నూలు బట్ట ఒకటి, పట్టు పట్టీ ఒకటి నేసి, రెండూ కలిపి కుట్టేస్తాం. అప్పుడు మధ్యలో కుట్టు వస్తుంది. లోపలి వైపు ఒక గట్టు లేస్తుంది. సున్నితమైన ఒంటికి మొదటి శత్రువు ఆ గట్టే.

గద్వాలలో కుట్టరు. మగ్గం మీదే కలుపుతారు. ఒంటికి ఒక నాడె, ఇటు అంచుకు ఒక నాడె, అటు అంచుకు ఒక నాడె, మొత్తం మూడు. ఒంటి పేక పోగు అంచు దగ్గరికొచ్చి, అంచు పేక పోగును చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది. ప్రతి వరుసలో ఇదే. కుప్పడం అంటారు దీన్ని. పక్కన ఒక మనిషి సాయం లేకుండా ఈ పని నడవదు, అందుకే గుంట మగ్గం దగ్గర ఇద్దరు కనిపిస్తారు. చాలాసార్లు భార్యాభర్తలు, లేకపోతే ఇంట్లో ఎవరో ఒక పిల్ల. ఒళ్లు అయిపోయి కొంగు దగ్గరికి వచ్చాక ఇంకో పరీక్ష. నూలు పడుగు పోగులకు పట్టు పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వందలు కాదు, వేల పోగులు. ఇద్దరు కూర్చుంటే ఒక చీరకు వారం అటూ ఇటూ పడుతుంది.

ఇప్పుడు ఆ చీర తిరగేసి, కళ్లు మూసుకుని, ఒంటి మీంచి అంచు వైపు వేలు జరపండి. ఎక్కడ నూలు అయిపోయి ఎక్కడ పట్టు మొదలైందో వేలికి తెలుస్తుంది, ఎందుకంటే పట్టు చల్లగా, జారుడుగా ఉంటుంది. కానీ కుట్టు గట్టు తగలదు. నాకైతే కొంగు మీద హంసల కంటే ఇదే గొప్ప పని అనిపిస్తుంది.

ఇక నూలు సంగతి. 80వ నంబరు, 100వ నంబరు అంటారు కదా, అదేంటో చాలామందికి తెలియదు. ఒక పౌను బరువున్న నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయి అనేది ఆ నంబరు. 80వ నంబరు అంటే 80 చిలపలు, అంటే 67,200 గజాలు. దాదాపు 61 కిలోమీటర్లు. అర కిలో కూడా లేని నూలు గద్వాల నుంచి కర్నూలు దాకా పరుస్తూ పోవచ్చన్నమాట. అంత సన్నగా ఉంటుంది కాబట్టే గద్వాల చీరను మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందనే మాట పుట్టింది.

సన్నదనం ఎందుకు ముఖ్యం? చర్మం మీద బట్ట గుచ్చుకోవడానికి ఒక లెక్క ఉంది. బట్ట లోంచి బయటికి పొడుచుకొచ్చిన పీచు కొస చర్మానికి తగిలినప్పుడు వంగిపోతే మనకేమీ తెలియదు. వంగకుండా నిలబడితే సూదిలా గుచ్చుతుంది. ఉన్ని మీద ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనల్లో, పీచు మందం సుమారు 30 మైక్రాన్లు దాటితే గుచ్చుకోవడం మొదలవుతుందని తేలింది. పత్తి పీచు 12 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పట్టు ఇంకా సన్నం. ఇక చెమట. మామూలు గాలిలో పత్తి తన బరువులో 8 శాతం దాకా తేమను తనలో ఉంచుకుంటుంది, పట్టు 11 శాతం దాకా. పాలిస్టర్? అర శాతం కూడా కాదు. అది పీల్చుకోని చెమట ఎక్కడికి పోతుంది, మన చర్మం మీదే ఉంటుంది. తడిసిన చర్మం మీద ఏ బట్టైనా ఎక్కువ రాసుకుంటుంది. పాలమూరు ఎండలో పాలిస్టర్ చొక్కా వేసుకుని బస్సెక్కినవాళ్లకు ఈ లెక్కతో పని లేదు, వీపుకు అన్నీ తెలుసు.

ఇక్కడ ఒక మాట క్లియర్‌గా చెప్తా. గద్వాల నేతగాళ్లు ఆటిజం కోసమో, సెన్సరీ సమస్యల కోసమో ఈ చీర కనిపెట్టలేదు. అట్లా చెప్తే అది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది. వాళ్లకు తెలిసింది ఎండ, చెమట, ఒళ్లు. కానీ ఒంటికి తగిలేదీ కంటికి కనబడేదీ రెండు వేర్వేరు పనులు అని గుర్తించి, వాటిని విడదీసి, మళ్లీ కుట్టు లేకుండా కలపడం మామూలు ఆలోచన కాదు. ఇవాళ సెన్సరీ ఫ్రెండ్లీ అని పేరు పెట్టి విదేశాల్లో అమ్ముతున్న బట్టలు చేస్తున్నది కూడా అంతే: కుట్టు లేకుండా, లేబుల్ లేకుండా, మెత్తగా.

అట్లాగని గద్వాల చీర అంతా మెత్తనా అంటే కాదు. కొంగు వెనక్కి తిప్పితే జరీ పోగులు బయటికి తేలి ఉంటాయి. జరీ అంటే లోపల ఒక దారం, దాని చుట్టూ సన్నటి లోహపు రేకు. మెడకు, మోచేతి లోపలికి అది తగిలితే మామూలువాళ్లకే దురద. రాగి, వెండి రేకు కాకుండా ప్లాస్టిక్ రేకు జరీ అయితే దాని అంచు ఇంకా పదునుగా ఉంటుంది. పాత చీరల్లో ఒంటి మీద జరీ తక్కువ, అంతా అంచుకీ కొంగుకే. ఇప్పుడు ఒళ్లంతా జరీ బుటాలు వేయిస్తున్నారు. పైగా షాపుల్లో ఎక్కువగా కనిపించేది పూర్తి పట్టు గద్వాల. ఎందుకంటే ధర ఎక్కువ, ఫోటోలో మెరుపు ఎక్కువ. 2010లో గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును నిలబెట్టింది నూలు ఒళ్లు, పట్టు అంచు కలిపిన ఆ పని. షాపుకు పోతే దాన్నే మూల నుంచి వెతికి తీయించుకోవాల్సి వస్తోంది.

చీర ఒక్కటే కాదు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి, సంస్థానం నాటి ఆచారం. నేసేవాళ్లు 41 రోజులు దీక్షలో ఉండి నేస్తారు. చీర, పంచె, కండువా, ఈ మూడిట్లో ఎక్కడైనా కుట్టు ఉందా? లేబుల్, ఎలాస్టిక్, జిప్పు ఉన్నాయా? లేవు. బిగుతు ఎంత కావాలో కట్టుకునే మనిషి చేతిలో ఉంటుంది. గీసుకునేవన్నీ తర్వాత వచ్చి చేరాయి: లంగా నాడా, జాకెట్టు హుక్కులు, చీర కింద కుట్టే పాలిస్టర్ ఫాల్.

ఇప్పుడు మన పాలమూరులోనే దీనికి పూర్తి వ్యతిరేకమైన బట్ట చెప్తా. గొంగడి. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేయించుకునేది. నల్లగా, గరుగ్గా ఉంటుంది. పడుగుకు చింతగింజల గంజి పెడతారు. ఇందాకటి 30 మైక్రాన్ల లెక్కలో ఇది ఫెయిల్, గుచ్చుతుంది. కానీ విచిత్రమేంటంటే, సెన్సరీ సమస్యలున్నవాళ్లలో కొందరికి బరువు హాయినిస్తుంది. పైన బరువుగా ఏదైనా కప్పితే ఒళ్లు కుదుటపడుతుంది. వెయిటెడ్ బ్లాంకెట్ అని ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి కొంటున్నది దానికే. గొంగడి ఆ బరువు ఇస్తుంది, కాకపోతే లోపల నూలు దుప్పటి ఉండాలి. నన్నడిగితే గొంగడి కంటే బొంత మేలు. పాత నూలు చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన మన అవ్వల బొంత. బరువూ ఉంది, గుచ్చుకోవడమూ లేదు.

పాత చీర అంటే గుర్తొచ్చింది, పురిటి బిడ్డకు మనవాళ్లు కొత్త బట్ట వేయరు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర, పాత పంచె చింపి చుడతారు. శాస్త్రం, ఆచారం అని రకరకాలుగా చెప్తారు గానీ, చేత్తో ముట్టి చూస్తే కారణం అర్థమవుతుంది. కొత్త నూలు బట్టకు గంజి ఉంటుంది, రంగు ఉంటుంది, పీచు కొసలు లేచి ఉంటాయి. ఉతికే కొద్దీ గంజి పోతుంది, బట్ట ఒంగడం నేర్చుకుంటుంది.

మరి ఇంత తెలిసిన మనం పాలిస్టర్‌కు ఎందుకు వెళ్లిపోయాం? 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కెమిస్టులు పాలిస్టర్ నూలు తయారు చేశారు. 1960ల్లో మన దేశంలోనూ తయారీ మొదలైంది. టెర్లిన్ చొక్కా, తర్వాత టెరికాట్, తాతల కాలంలో అదే స్టైలు. దాన్ని తిట్టడం తేలిక. కానీ ఇస్త్రీ అక్కర్లేదు, గంటలో ఆరుతుంది, ఏళ్ల తరబడి చిరగదు. రెండు జతలతో ఊరు వదిలి వలస పోయే పాలమూరు కూలీకి అది నిజంగా పనికొచ్చిన బట్ట. ఆ మనిషి అవసరం నాకర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఒకటే. ఇష్టపడి కొనుక్కున్నవాడు సరే, వేసుకోక తప్పని పిల్లాడి పరిస్థితి ఏంటి?

మా అక్క కొడుకు సంగతి చెప్తా. తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. స్కూలు యూనిఫాం పాలిస్టర్ కలిసిన బట్ట, కాలర్ గట్టిగా ఉంటుంది. రోజూ పొద్దున ఇంట్లో ఒక యుద్ధం. స్కూలుకు చేరేసరికే వాడు అలసిపోయేవాడు, ఇక చదువేం ఎక్కుతుంది? పోయిన ఏడాది ఒక పెళ్లిలో మెరుపుల షేర్వానీ వేస్తే పది నిమిషాల్లో విప్పి పడేశాడు. చుట్టాలంతా చూస్తుండగా అక్క ఏడ్చింది. "గారాబం చేసి చెడగొట్టిర్రు" అని ఒకావిడ అననే అన్నది. తర్వాత మా అవ్వ తన పెట్టె తీసి, అంచు చిరిగిపోయిన పాత గద్వాల నూలు చీర ఒకటి ఇచ్చింది. "వాని ఒంటికి ఏం పడ్తదో వాన్నే అడుగుర్రి, ముట్టి చూడనీయుర్రి" అన్నది. వాడు ఆ చీర ఒంటి భాగం చెంపకు ఆనించుకుని వదల్లేదు. టైలరన్నకు చెప్పి, కుట్లు బయటి వైపు వచ్చేట్టు, కాలర్ లేకుండా రెండు చొక్కాలు కుట్టించాం. యూనిఫాం లోపల బనీనులా అదే వేసుకుపోతాడు. స్కూలు వాళ్లతో మాట్లాడి పై గుండీ విప్పి ఉంచడానికి ఒప్పించింది అక్క. యుద్ధం పూర్తిగా ఆగిందని చెప్పను. వారంలో ఐదు రోజులుండేది ఒకటో రెండో రోజులకొచ్చింది.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి వాళ్లుంటే, లేదా మీరే అట్లాంటి వాళ్లయితే, కొనేటప్పుడు ఫోటో చూసి కొనకండి. బట్ట లోపలి వైపు ముంజేతి మీద, మెడ మీద ఒక నిమిషం ఆనించి చూడండి. వేళ్లు మోటుబారి ఉంటాయి, వాటిని నమ్మకండి. గుప్పిట్లో నలిపి చప్పుడు వినండి, కొందరికి పట్టు గరగర కూడా పడదు. ప్యూర్ కాటన్ అని చెప్తే అంచు నుంచి ఒక పోగు లాగి ఇంటి పెద్దవాళ్లు జాగ్రత్తగా కాల్చి చూడొచ్చు: నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది, చేతికి అంటితే కాలుతుంది. సిల్క్ మార్క్ ఉంటే పట్టు అసలుదని అర్థం, అంతవరకే. అది మీ ఒంటికి పడుతుందా లేదా ఏ గుర్తూ చెప్పదు. కొన్నాక వెంటనే వేయకుండా మూడు నాలుగు సార్లు ఉత్త నీళ్లలో ఉతకండి, రంగు దిగుతుంది కాబట్టి విడిగా. చీరకైతే ఫాల్ నూలుది అడగండి. లేబుల్ కత్తిరించొద్దు, మొదలు గీసుకుంటుంది. కుట్టు విప్పి తీయండి.

గద్వాలకో, అయిజకో, రాజోలికో వెళ్లగలిగితే ఇంకా మంచిది. మగ్గం ఉన్న ఇంటికి పోయి, "జరీ లేకుండా ఉత్త నూలు ఒళ్లు కావాలి, అంచు చిన్నది చాలు" అని అడగొచ్చు. అట్లా అడిగేవాళ్లు తక్కువైపోయారు కాబట్టే నేసేవాళ్లూ తక్కువైపోతున్నారు. ఆర్డరు ఉంటే మగ్గం ఆడుతుంది, లేదంటే పూర్తి పట్టుకో, వేరే పనికో పోతుంది. రాజోలి వాళ్లు 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో ఊరు మునిగిపోతే మళ్లీ లేచినవాళ్లు. గుంట మగ్గం కదా, నీళ్లు వస్తే ముందు నిండేది ఆ గుంటే. అట్లాంటి చోట కూర్చుని మూడు నాడెలు ఆడించే మనిషికి మీ పిల్లాడి సంగతి చెప్పి చూడండి. బట్ట ఒంటికి పడకపోవడం అంటే ఏంటో వాళ్లకు మీరు విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో నారాయణపేట చీర. అక్కడ కథ వేరే ఉంది. ఉంటా మరి.